మొవ్వు పండింది

హిదార్ 9

తోటలో పడమటి మూలనున్న, అరటి చెట్టులాంటి అసత్‌కు మొవ్వు పండింది. చుట్టూ ముదురాకులన్నీ పచ్చగానే ఉన్నాయి. నడిమి లేతాకు ఒక్కటే పసుపెక్కి వాలిపోయింది. ఎండదెబ్బ. ఈ ఏడు పెద్దవానలు మధ్యలోనే ముఖం చాటేశాయి. దిగువన నీలగిరి చెట్లు వేసినప్పటి నుంచి ఊటలో నీళ్లు అడుగంటాయి. ఆవుల్ని అమ్మేశాక తోటకు పేడ కూడా లేదు. ఇన్ని కలిస్తే ఏ చెట్టుకైనా విసుగెత్తదా? నాకే విసుగెత్తిపోతోంది.

అత్తయ్యకు చెప్పలేదు. మామయ్య పోయే ముందు నాటిన ఆఖరి వరస అది.

హిదార్ 10

ఎండదెబ్బే. సాయంత్రం రెండు కుండల నీళ్లు పోశాను.

హిదార్ 14

వ్యవసాయ ఆఫీసు నుంచి తమ్రత్ వచ్చాడు. ఊరి మధ్య గడ్డి బాట మీద మగవాళ్లను కూర్చోబెట్టి అసత్ తెగులు గురించి గంటసేపు చెప్పాడు. మొవ్వు పసుపెక్కుతుందట, బోదె కోస్తే నెయ్యి లాంటి జిగట కారుతుందట, కత్తి మీద ఒక తోట నుంచి ఇంకో తోటకు పోతుందట. మగవాళ్లందరూ పెద్దరికంగా తలలూపారు. వీళ్లలో ఒక్కడు కూడా గుజ్జు కోసం బోదె గీకే కత్తి పట్టి ఎరగడు. నేను నీళ్లకుండ దించుకుని నిలబడి విన్నాను.

అత్తయ్య ఊరుకుంటుందా? దడి మీద నుంచే అందుకుంది.

"మగాళ్లకు చెప్తే ఏం లాభం నాయనా? కత్తి పట్టేది మేమైతే!"

"మీరు గీకేచోటికి నన్ను రానివ్వరు కదమ్మా."

"రానివ్వం. మగాడి నీడ పడితే గుజ్జు చెడిపోద్ది."

"మరి మీకెట్టా చెప్పేది?"

"ఇట్టాగే దడవతల నిలబడి అరిచి చెప్పు. మా చెవులేం చెడిపోలా."

పాపం, ఆ కుర్రాడు దడికి వీపు ఆనించి ఆకాశంలోకి చూస్తూ అరిచి మరీ చెప్పాడు. ఆడవాళ్లందరూ ఒకటే నవ్వు. నవ్వు ఎక్కడ ఆగిందంటే, చెట్టు చెట్టుకూ కత్తిని నిప్పులో కాల్చాలి, ఇంటింటికీ వంతులేసుకుని గీకుడు పనికి వచ్చిన ప్రతి మనిషి కత్తీ వాకిట్లోనే కాల్చాలి అన్నప్పుడు.

"అబ్బాయ్," అంది అత్తయ్య, ఇప్పుడు ఎగతాళి లేకుండా. "పిలిస్తే వచ్చిన దాని కత్తిని నిప్పులో పెడితే ఏంటో తెలుసా? నీ చెయ్యి చెడ్డది, నీ ఇల్లు చెడ్డది, పో అన్నట్టు. నా పెళ్లినాటి నుంచీ ఏ వాకిట్లోనూ నేనట్టా చూళ్లా."

"అయితే తెగులున్నవాళ్లు ముందే చెప్పేయాలమ్మా. ఆ తోటలోకి ఎవరూ పోగూడదు."

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను కుండ నెత్తికెత్తుకుని వచ్చేశాను.

తాహ్సాస్‌లో, అంటే వచ్చే నెల, మొదటి వంతు మాదే. గుజ్జు పులియబెట్టే పాతరలో అడుగు కనబడుతోంది. నిన్న గుజ్జు తీయడానికి నడుం దాకా లోపలికి వంగాల్సి వచ్చింది.

హిదార్ 17

మా ఆయన హబ్తె ఫోన్ చేశాడు. రాజధానిలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ముందు నిలబడి మాట్లాడుతుంటాడు, వెనక అరుపుల్లో సగం వినబడదు. తోటెట్లా ఉంది అన్నాడు. బాగుంది అన్నాను. అసత్ పీకేసి ఆ మత్తాకు, ఖాత్ వేద్దామా, కోసిన రోజే చేతికి డబ్బొస్తుంది అన్నాడు. ఖాత్ ఆకు నమిలితే పిల్లల కడుపు నిండుతుందా అన్నాను. నవ్వాడు. ఆ ఒక్కటీ స్పష్టంగా వినబడింది.

హిదార్ 21

ఈరోజు మరియం పండుగ. అత్తయ్య తెల్లబట్ట కప్పుకుని గుడికి పోయింది. ఆవిడ వంపు తిరగగానే పడమటి మూలకు పోయి ఆ చెట్టు నరికేశాను.

జిగట కారింది. పసుపు పచ్చగా, చిక్కగా. ఎండదెబ్బకూ కారుతుందేమో. ముదిరిన చెట్టుకు ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది.

వాగు గట్టున గొయ్యి తీసి బోదె, దుంప, ఆకులు అన్నీ పూడ్చేశాను. చేతులు బొబ్బలెక్కాయి. కత్తిని గడ్డికి తుడిచాను. ఆ తర్వాత బూడిదతో తోమాను కూడా.

అత్తయ్య వచ్చాక పందికొక్కు దుంప కొరికేసింది, చెట్టు పడిపోయింది అని చెప్పాను. ఆవిడ ఆ ఖాళీ దగ్గర చాలాసేపు నిలబడింది.

"నీటుగా తిన్నదే పందికొక్కు," అంది.

హిదార్ 30

తోట పచ్చగా ఉంది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రతి మొవ్వూ చూస్తున్నాను. ఎండదెబ్బే అయ్యుంటుంది.

తాహ్సాస్ 6

మా వంతు అయిపోయింది.

తెల్లారేసరికి ఆడవాళ్లందరూ వచ్చేశారు. ఎవరి కత్తి వాళ్లది, ఎవరి వెదురుబద్ద వాళ్లది. నేను వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పిలిచాను. పొయ్యి మీద కాఫీ మరుగుతోంది. నిప్పు ఉంది. కత్తులు ఉన్నాయి. నేను కప్పులు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఖైరియా అక్క వచ్చి నా పక్కనే పీట వేసుకుంది, ఎప్పటిలాగే. ఆమెది మసీదు వైపు ఇల్లు, మాది గుడి వైపు. నడుమ ఒక్క దడే. నాకు మొదటి బిడ్డ పుట్టినప్పుడు నలభై రోజులూ గుజ్జుతో వుసా రొట్టె కాల్చి తెచ్చింది ఆమే. ఆమె తోటలాంటి తోట ఈ చుట్టుపక్కల లేదు. పిలక ఎక్కడ తీయాలో, ఎప్పుడు మార్చాలో, ఏ చెట్టు దేనికో, విరిగిన ఎముకకు ఏ దుంప ఉడికించి పెట్టాలో ఆమెకు తెలుసు. చెట్లకు పేర్లు పెట్టి పిలుస్తుంది, తిడుతుంది కూడా.

"ఏమే షితాయే, ఆ ముఖమేంటి? మొగుడు ఫోను చెయ్యలేదా?"

"చేశాడక్కా."

"చేశాడా? అందుకా ఆ ముఖం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డొప్పలు పలకకు ఆనించి, ఒక కాలు ఎత్తి అదిమి పట్టి, బద్దతో గీకుతుంటే గుజ్జు ఒకవైపు, నార ఒకవైపు పడుతున్నాయి. పాట ఎవరో మొదలుపెట్టారు. ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు నేను మరచిపోయాను కూడా.

ఆఖరి నుంచి రెండో చెట్టు. బయటికి ఏ మచ్చా లేదు, మొవ్వు పచ్చగానే ఉంది. ఖైరియా అక్క కత్తి దించింది. నేను లోపలి డొప్ప విప్పాను. నడుమ పసుపు జిగట.

పక్కనే ఉన్న ఆకు లాగి దాని మీద కప్పేశాను. "ఇది కుళ్లింది, అవతల పారేస్తా" అని పక్కకు ఈడ్చాను. అక్క కత్తిని గడ్డికి తుడుచుకుని ఇంకో చెట్టు మొదలుపెట్టింది. చూసి ఉండదు. చెమట కళ్లలోకి కారుతోంది, ఎట్లా చూస్తుంది?

పాతర నిండింది. ఆకులు పరిచి, గుజ్జు తొక్కి, పైన రాళ్లు పెట్టాం. పోయేటప్పుడు అందరికీ గుజ్జు పిండగా దిగిన మెత్తటి పిండి తలో ముద్ద ఇచ్చాను. అక్కకు పెద్ద ముద్ద పెట్టాను.

తాహ్సాస్ 10

ఖైరియా అక్క వంతు. పోకుండా ఉంటే ఏమనుకుంటుంది? పోయాను. కత్తి బూడిదతో తోమి తీసుకుపోయాను. గట్టిగానే తోమాను.

తాహ్సాస్ 29

గెన్నా, యేసు పుట్టిన పండుగ. వుసా, ఆకుకూర, జున్ను. హబ్తె రెండు రోజులకని వచ్చాడు, పడుకునే ఉన్నాడు. తోట పచ్చగా ఉంది.

తిర్ 19

పచ్చగా ఉంది.

యెకాతిత్ 3

ఖైరియా అక్క తోటలో మొవ్వు పండింది.

యెకాతిత్ 4

ఒకటి కాదు. దడి పక్క వరసలో నాలుగు. ఆమె నన్ను పిలిచి చూపించింది. చూపిస్తూ చెట్టు మీద చెయ్యి వేసి నిలబడింది, జ్వరం చూస్తున్నట్టు.

"ఎండకంటావా?" అని అడిగింది నన్ను.

"ఎండకేనక్కా," అన్నాను.

యెకాతిత్ 5

ఎందుకట్లా అన్నాను?

యెకాతిత్ 16

తమ్రత్ వచ్చి చూశాడు. ఈసారి దడవతల నుంచి కాదు, ఖైరియా అక్కే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మగవాడు అడుగుపెట్టని చోటికి. ఇంక చెడిపోవడానికి ఏముంది అంది. తెగులు తగిలినవన్నీ వేళ్లతో సహా తీసి పూడ్చాలి, ఆ నేలలో కొన్నేళ్లు అసత్ వేయకూడదు అన్నాడు. వేరే ఊరి నుంచి తట్టుకునే రకం పిలకలు తెప్పించే ప్రయత్నం చేస్తున్నాం అని కూడా అన్నాడు. ఎప్పటికి అని అక్క అడిగితే కాగితాల సంచీ భుజం మార్చుకున్నాడు.

"ఎట్టా వచ్చిందమ్మా ఇది? బయట నుంచి ఎవరైనా కత్తి తెచ్చారా?"

"ఎవరు తెస్తారు? అందరూ మావాళ్లే," అంది అక్క.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. నాలుగు మాటలు. నీళ్లు తాగొస్తానని ఇంటికి వచ్చేశాను. నిజంగానే నీళ్లు తాగాను. ఆ పూటంతా తాగుతూనే ఉన్నాను.

యెకాతిత్ 24

తవ్వుతున్నారు. గుద్దలి దెబ్బలు మా ఇంట్లోకి వినబడుతున్నాయి. అత్తయ్య వత్తులు చేసుకుంటూ ప్రతి దెబ్బకూ చేయి ఆపుతోంది.

మెగాబిత్ 2

ఉపవాసాలు నడుస్తున్నాయి. నెయ్యి లేదు, పాలు లేవు. ఖైరియా అక్క తోటలో సగం లేదు.

మెగాబిత్ 20

అక్క తోటలో ఇంకేం మిగల్లేదు. నిన్నటితో ఆఖరి వరస తీసేశారు. ఆమె మొగుడు జెమాల్ అదే రోజు ఖాత్ మొక్కలు దింపాడు. ముందే మాట్లాడి పెట్టుకున్నట్టున్నాడు. దడి మీద నుంచి చూస్తే ఇంటి వెనక ఆకాశం కనబడుతోంది. ఇన్నేళ్లలో అక్కడ ఆకాశం ఉందని నాకు తెలియదు.

ఈరోజు ఇంకొకరి వంతు. అందరం పోయాం. ఖైరియా అక్క రాలేదు. ఆమెను ఎవరూ పిలవలేదు కూడా. తోట లేని మనిషికి ఇక వంతేముంది? వాళ్లు చెడ్డవాళ్లు కారు. పిలిస్తే ఆమెకు బాధ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నానని రాసుకుంటున్నాను.

మెగాబిత్ 21

నేను అదేం అనుకోలేదు. ఆమె పక్కన కూర్చోవాల్సి వస్తుందని భయపడ్డాను.

మియాజియా 15

ఉపవాసాలు ముగిశాయి, పండుగ అయిపోయింది. తాహ్సాస్‌లో వేసిన పాతర తెరిచాను. గుజ్జు బాగా పులిసింది, వాసన బాగుంది. తమ్రత్ చెప్పాడు, ఆ తెగులు మనుషులను ఏమీ చేయదట. చెట్లనే తింటుందట.

మియాజియా 18

మధ్యాహ్నం ఖైరియా అక్క వచ్చింది. తనంతట తానే. దడి దాటి, నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. బాగా చిక్కింది. పాతరలో ఉన్న గుజ్జంతా జెమాల్ ఖాత్ మొక్కల కోసం అమ్మేశాడట, ఇప్పుడు బస్తీ నుంచి గోధుమపిండి తెస్తున్నాడట.

"గోధుమరొట్టె పొద్దున తింటే పదింటికల్లా కడుపులో ఏం ఉండదే. గాలి తిన్నట్టు. వుసా ఉందా?"

ఆకులో చుట్టి పెనం మీద కాల్చాను. నెయ్యి రాసి, ఆకుకూర పెట్టి ఇచ్చాను. ఆమె మొదటి ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. తాహ్సాస్ ఆరున ఆమె గీకిన గుజ్జే అది. ఇంక నావల్ల కాలేదు.

"అక్కా. ఆ రోజు..."

"ఆకు కప్పావు," అంది కళ్లు తెరవకుండానే. "చూశా."

పెనం మీద రెండో రొట్టె మాడుతోంది. తీయాలని తోచలేదు నాకు.

"చూసి?"

"చూసి ఏం చెయ్యమంటావే? అక్కడ నేను కత్తి నిప్పులో పెట్టి లేచానంటే మిగతావాళ్లు కూర్చుంటారా? అందరూ లేచిపోతే నీ పాతర ఎవరు నింపుతారు, నీ పిల్లలు ఏం తింటారు? గడ్డికి తుడిస్తే పోద్దిలే అనుకున్నా. నువ్వూ అంతేగా అనుకుంది."

"నువ్వు నన్ను తిట్టక్కా. ఒక్కసారి తిట్టు."

"ఆ ఓపికే ఉంటే ముందు నా మొగుణ్ణి తిట్టుకుంటా." కాసేపు నమిలింది. "మొన్న రాత్రి అనిపించింది తిట్టాలని. దడి దాకా వచ్చా కూడా. మీ ఇంట్లో దీపం లేదు, ఎందుకులే అని పోయా."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నావైపు చూడలేదు.

"మాడిపోతంది. ఇంకో ముక్క పెట్టు."

పెట్టాను.

గెన్‌బోత్ 5

మా తోటలో మూడు మొవ్వులు పండాయి. ఎండదెబ్బ కాదు.

గెన్‌బోత్ 6

తమ్రత్‌ను నేనే పిలిపించాను. పండినవి వెంటనే పూడ్చమన్నాడు. మిగతావి ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పలేం, ముదిరినవన్నీ ఇప్పుడే గీకి పాతరలో వేసుకుంటే తిండైనా దక్కుతుంది, పెద్దవానలు పట్టాయంటే పాతరలోకి నీళ్లు దిగుతాయి అన్నాడు. అంటే ఉన్నది పది పన్నెండు రోజులు. అంత తోట గీకాలంటే వంతు ఆడవాళ్లందరూ రావాలి. నేనొక్కదాన్నయితే రోజుకు ఒకటి రెండు చెట్లు, అదీ నడుం ఉంటే.

పాతర నిండితే రెండేళ్లు పిల్లలకు తిండి ఉంటుంది. నిండకపోతే హబ్తె దగ్గరికి పోయి ఆ ప్లాస్టిక్ కొట్టు వెనక గదిలో ఉండాలి.

సాయంత్రం అత్తయ్యకు మొత్తం చెప్పాను. పడమటి మూల చెట్టు, వాగు గట్టు, ఆకు కప్పడం, అన్నీ.

"తెలుసు," అంది. "పందికొక్కు గొయ్యి తీసి పూడ్చిపెట్టదు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు చెప్పేదానివి. చెప్తే వంతు పోయేది." చేతిలోని దూదిని చూసుకుంటూ అంది. "నేనూ తిన్నాగా ఆ గుజ్జు."

"ఇప్పుడు వాళ్లను పిలిచి చెప్పేస్తాను అత్తయ్యా."

"చెప్తే ఒక్కతి రాదు. తోటంతా మట్టిపాలు."

"చెప్పకపోతే?"

"వస్తారు," అంది.

గెన్‌బోత్ 8

రేపే అని అందరికీ కబురు పెట్టాను. ఎందుకు ఇంత తొందర అని ఎవరూ అడగలేదు. వానలని అనుకుని ఉంటారు.

చెప్పకుండా, ఒక్కొక్క చెట్టుకూ నేనే దగ్గరుండి కత్తి కాల్పించొచ్చు. అట్లా చేస్తే ఎవరికీ ఏమీ కాదు. కాఫీ పొయ్యి పక్కనే పెట్టి, సరదాగా అన్నట్టు...

నేను మళ్లీ ఆకు కప్పుతున్నాను.

గెన్‌బోత్ 9

కలం పట్టుకోవడానికి వేళ్లు వంగడం లేదు. గీకి గీకి.

పొద్దున అందరూ వచ్చారు. కత్తులు, వెదురుబద్దలు, నవ్వులు. నేను వాకిట్లో అడ్డంగా నిలబడ్డాను.

"లోపలికి రాకముందు ఒక మాట. మా తోటలో తెగులుంది. ఇప్పటిది కాదు, హిదార్‌లోనే వచ్చింది. మీకు చెప్పకుండా తాహ్సాస్‌లో మీ అందరి చేతా గీకించాను. ఖైరియా అక్క తోటకు పోయింది ఇక్కడి నుంచే. మీ తోటలు కూడా చూసుకోండి. లోపలికి వస్తానంటే పొయ్యి వెలిగించి పెట్టాను, నా కత్తే ముందు కాలుస్తాను. రాకపోతే నాకేం కోపం లేదు."

చెబుతాననుకున్నప్పుడు చాలా పెద్ద మాట అనిపించింది. చెబితే ఇంతే ఉంది.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒకామెకు ఇంట్లో బిడ్డకు ఒళ్లు కాలుతున్న సంగతి గుర్తొచ్చింది. ఒకామె పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చిందట. ముసలావిడ ఒకరు నా చెంప నిమిరి, దేవుడు దారి చూపిస్తాడమ్మా అని, కత్తిని పైబట్టలోకి దాచుకుని వెనక్కి తిరిగింది. గడ్డి బాట మీద నుంచి ఒక్కొక్కరూ తమ తోటల వైపు వేగంగా నడిచారు. కొందరు పరిగెత్తారు. ప్రతి మనిషీ ముందు మొవ్వులే చూస్తుంది. వాళ్లను నేనెట్లా తప్పు పడతాను?

వాకిలి ఖాళీ అయింది. కాఫీ అందరికీ సరిపడా చేసి పెట్టాను. అత్తయ్య గడప మీద కూర్చుని కప్పులు ఒక్కొక్కటే లోపల పెట్టడం మొదలుపెట్టింది.

దడి కదిలింది. ఖైరియా అక్క. ఆమెకు నేను కబురు పెట్టలేదు. పెట్టే ముఖం నాకు లేదు. చేతిలో కత్తి, చంకలో పీట.

"అంతా విన్నా. గొంతు బానే ఉంది నీకు, తమ్రత్‌ కంటే గట్టిగా అరిచావు."

"అక్కా, నువ్వు రావద్దు. లోపలంతా..."

"అంటుకోవడానికి నాకేం మిగిలిందే?" అంది. "ఇక్కణ్ణుంచి ఏం మోసుకుపోయినా దింపే చోటు లేదు నాకు. నేను రాకపోతే ఇంకెవరు వస్తారు? జరుగు."

నేను జరగలేదు. నిలబడి ఏడుస్తున్నాను. ఆమె నన్ను భుజంతో పక్కకు నెట్టి లోపలికి పోయింది. పలక సర్ది, పీట వేసుకుని, ఎప్పుడూ నేను కూర్చునే చోటు వదిలి పక్కన కూర్చుంది.

చీకటి పడేదాకా గీకాం. పాట లేదు. ఒకసారి ఆమె బద్ద ఆపి, తోటవైపు, ఇంకా పచ్చగా నిలబడి ఉన్న వరసల వైపు చూసింది. అప్పుడు ఆమె ముఖం చూడలేక నేను తల వంచుకున్నాను. ఇద్దరం కలిసి నాలుగు చెట్లు చేశాం. రేపు పొద్దున్నే వస్తానని చెప్పి పోయింది.